కోట తలుపు, సూరిబాబు తువ్వాలు

మా మేనకోడలి భర్తకి సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా ఉద్యోగం వచ్చింది. తాడేపల్లిగూడెంలో మా ఇంటికి స్వీటు పెట్టె పట్టుకొచ్చి, కాళ్ళకి దణ్ణం పెట్టి, "మావయ్యగారూ, మీరు జీవితమంతా చేసింది ఈ ఉద్యోగమే కదండీ. ఇందులో పనేముంటుందండీ? కుర్చీలో కూర్చోవడమే కదా?" అన్నాడు.

స్వీటు తిన్నాను. సమాధానం మాత్రం అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. అతనికీ, అతనిలాగా కొత్తగా చేరేవాళ్ళకీ పనికొస్తుందని ఇప్పుడు రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఆర్డర్ల సంగతి రాయను. అవి అందరికీ ఒకేలా వస్తాయి, లేదా రావు.

కుర్చీ ఉద్యోగం

నిజమే, ఎక్కువసేపు కూర్చోవడమే. గంటగంటకీ మీటర్లు చూడడం, పైనుంచి ఫోనొస్తే ఫలానా ఫీడరు ఆపడం, ఇవ్వమంటే ఇవ్వడం. ఫీడరంటే సబ్‌స్టేషన్ నుంచి కొన్ని ఊళ్ళకి కరెంటు మోసుకెళ్ళే లైను. కరెంటు ఉన్నంతసేపూ మనమొకళ్ళం ఉన్నామని ఎవరికీ గుర్తుండదు. పోతే మాత్రం ఇంటిపేరుతో సహా తలుచుకుంటారు. తిట్లకి బాధపడేవాడు ఈ ఉద్యోగంలో చేరకూడదు.

గూడెంలో ఉండగా మాకొక అధికారి ఉండేవారు. కోతలు పెట్టమన్న రోజుల్లో తన వీధికి మాత్రం చీకటి రానిచ్చేవారు కాదు. జనానికి ఇలాంటివి ఎన్నాళ్ళో దాగవు. ఎండాకాలం ఒక సాయంత్రం చుట్టుపక్కల వీధులవాళ్ళంతా విసనకర్రలు పట్టుకుని వచ్చి ఆ వీధి అరుగుల మీద కూర్చున్నారు. పల్లెత్తు మాట అనలేదు. ఆయన బయటికొచ్చి ఏమిటని అడిగితే, "మీ వీధిలో గాలి బాగుంటుందండీ" అన్నారంతే. మర్నాటినుంచి ఆయన వీధి కూడా వంతులోకి వచ్చింది. చీకటిని వంతులవారీగా పంచితే జనం ఓర్చుకుంటారు. ఒకరికి మినహాయింపు ఇచ్చామో, ఇక ఓర్చుకోరు.

తువ్వాలు

ఈ ఉద్యోగంలో ప్రాణం మీదికొచ్చే పని ఒకటే ఉంది. దాన్ని లైన్ క్లియర్ అంటారు. లైను బాగుచెయ్యడానికి లైన్‌మేన్ వచ్చి అడుగుతాడు. మనం ఆ ఫీడరు ఆపి, స్విచ్చి తెరిచి, తాళం వేసి, "ఇక వెళ్ళవయ్యా" అంటాం. అతను తిరిగొచ్చి "పనైపోయిందండీ" అనేదాకా ఆ తీగల్లో కరెంటు ఉండకూడదు. చెప్పడానికి ఇంతే. కానీ ఆ కాసేపూ స్తంభం మీదున్న మనిషి ప్రాణం మన చేతిలో ఉంటుంది, ఆ మనిషి మాత్రం మనకి కనపడడు.

నా మొదటి పోస్టింగు కామవరపుకోట వైపు. అక్కడ పని నేర్పింది వెంకట్రామయ్యగారని సీనియర్ ఆపరేటరు. మహా కోపిష్ఠి. ఆయనకో పద్ధతుండేది. లైన్ క్లియర్ తీసుకునే లైన్‌మేన్ తన భుజం మీది తువ్వాలు తీసి, యార్డులో ఆ స్విచ్చి హ్యాండిల్‌కి కట్టి వెళ్ళాలి. పనయ్యాక వచ్చి ఎవరి తువ్వాలు వాళ్ళే విప్పుకోవాలి. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. సంతకాలూ గట్రా ఎలాగూ ఉండేవి, ఇది వాటిమీద అదనం.

"కాగితం మీద సంతకం ఎవడైనా పెడతాడయ్యా. చెమట తుడుచుకునే తువ్వాలు మాత్రం ఒక్కడిదే" అనేవారాయన.

"ఒకడి తువ్వాలు ఇంకొకడు విప్పితేనండీ?" అని అడిగాను కొత్తలో.

"విప్పిన చెయ్యి విరగ్గొడతాను" అన్నారు.

ఆయన పోయాక కూడా ఆ పద్ధతిని నేను పనిచేసిన ప్రతి స్టేషనుకీ మోసుకెళ్ళాను. అధికారులు నవ్వేవారు. రెండువేల సంవత్సరం దాటాక సెల్‌ఫోన్లు ఒక్కొక్కటే రావడం మొదలైంది. "మూర్తిగారూ, ఇంకా ఏమిటండీ ఈ చాదస్తం? ఫోన్లో చెబితే చాలదా?" అనేవారు. అందరికంటే ఎక్కువ సణిగింది సూరిబాబు.

సూరిబాబు నా చివరి స్టేషన్లో లైన్‌మేన్. పెదపాడు దాటి కొల్లేరు వైపు వెళ్ళే దారిలో, ఒకపక్క వరిచేలు, ఒకపక్క చేపల చెరువులు, మధ్యలో మా సబ్‌స్టేషను. అతని తండ్రి కల్లుగీసేవాడు. ఆ చురుకు కొడుక్కీ వచ్చింది, స్తంభమెక్కుతుంటే చూడముచ్చటగా ఉండేది. పని ఎంత చిన్నదైనా మళ్ళీ స్టేషనుదాకా వచ్చి తువ్వాలు విప్పుకోవాలంటే మాత్రం ప్రాణం ఉసూరుమనేది. "నా తువ్వాలు నాకంటే మీదగ్గరే ఎక్కువుంటుందండీ, మీ పేర రాసిచ్చేస్తాను" అనేవాడు. ఎర్రగళ్ళ తువ్వాలు. ఇప్పటికీ కళ్ళముందుంది.

ఆదివారం రాత్రి వేంగి రాజ్యం

ఆ రోజుల్లో ఆదివారం రాత్రి ఎనిమిదింటికి టీవీలో ఒక చారిత్రక సీరియల్ వచ్చేది. వేంగి రాజుల కథ. వేంగి అంటే మన పెదవేగే కదా, ఏలూరు పక్కనే. అక్కడి మట్టిదిబ్బలు చిన్నప్పుడు నేనూ చూశాను, మేకలు మేస్తుండేవి. అది ఒకప్పుడు రాజధాని అని బళ్ళో మాస్టారు చెబితే పరీక్షలో రాశానే గాని నమ్మలేదు. సీరియల్ మొదటివారం కోటగోడ మీద కాగడాలు వెలిగాయి. కింద గుర్రాల గిట్టల చప్పుడు వినపడింది. ఒక ముసలి కాపలావాడు గోడమీంచి వంగి "ఎవరక్కడ?" అని కేకేశాడు. మేకలు మేసిన చోట మనుషులు కాపలా కాశారని, భయపడ్డారని, అన్నాలు తిన్నారని అప్పుడు నమ్మాను.

సెలవు పడిన ఆదివారాలు సీరియల్ చూసేవాణ్ణి. డ్యూటీ పడితే వినేవాణ్ణి. మా స్టేషనుకి ఎదురుగా, రోడ్డుకి అవతల మస్తాన్‌గారని టైలరు ఇల్లు. ఆయన భార్య ఖాజాబీగారు, నేను కంట్రోల్ రూము వదిలి రాలేనని తెలిసి, టీవీ బల్లని కిటికీ దగ్గరికి జరిపి సౌండు పెంచేవారు. ప్రకటనలు వచ్చినప్పుడు గుమ్మంలోకొచ్చి, నేను చూడలేనివి చెప్పేవారు. "ఏవండీ, రాణిగారు మాట్లాడట్లేదు గానండీ, కళ్ళనిండా నీళ్ళండీ!" నిజం చెప్పాలంటే చూసిన వారాలకంటే విన్న వారాలే బాగుండేవి. చూస్తే అట్టకిరీటాలు తెలిసిపోయేవి. వింటే మాత్రం కోట నిజమైన కోటే.

మా ఊరివాళ్ళ ఆనందంలో సగం తప్పులు పట్టడంలో ఉండేది. ఒకవారం కొల్లేట్లో పడవల యుద్ధం చూపించారు. వెనకాల పెద్ద పెద్ద కొండలు! మర్నాడు టీ కొట్టు దగ్గర అదే గోల. "కొల్లేట్లో కొండలెక్కడివండీ? మనకి తెలీకుండా ఎవరైనా ఎత్తుకుపోయారంటారా?" అని. మోకాల్లోతు నీళ్ళలో తెరచాప ఓడలేమిటి, తాటిదోనె చూపిస్తే సరిపోయేది కదా అని ఇంకొకరు. ఇంత తిట్టినవాళ్ళే మళ్ళీ ఆదివారం ఏడున్నరకల్లా స్నానాలు చేసి, పిల్లల్ని కసిరి, టీవీ ముందు చేరేవారు.

అది నాకు మీటర్లో కూడా తెలిసేది. ఎనిమిదికి ముల్లు కాస్త పైకి లేచి అక్కడే కుదురుగా కూర్చునేది. ప్రకటనలు రాగానే వంటింటి లైట్లు, నీళ్ళ మోటార్లు, ముల్లు అటూఇటూ ఊగేది. కథ మొదలవగానే మళ్ళీ కుదుటపడేది. ఊరంతా ఒకేసారి ఊపిరి బిగబట్టడం నేను ముల్లులో చూశాను. ఈ ఉద్యోగంలో నాకు దక్కిన సంతోషాల్లో అదొకటి.

తలుపు తియ్యాలా, వద్దా

చివరి భాగానికి ముందువారం ఇలా జరిగింది. కోటని శత్రువులు ముట్టడించారు. సహాయం తేవడానికి రాజు రహస్యంగా బయటికి వెళుతూ ఆ ముసలి కాపలావాడితో, "నా గొంతు వింటేనే తలుపు తియ్యి" అని చెప్పి వెళ్ళాడు. కొన్నాళ్ళకి తలుపు చప్పుడైంది. వచ్చినవాడు రాజుగారి అంగరక్షకుడు, నమ్మకస్తుడు. "ప్రభువుకి గాయమైంది, స్పృహలో లేరు, నా భుజం మీదున్నారు. శత్రువులు వెనక్కి వెళ్ళిపోవడం నా కళ్ళతో చూశాను. తలుపు తియ్యి" అన్నాడు. ముసలాయన గడియ మీద చెయ్యి వేశాడు. అక్కడ ఆపేశారు.

ఇక ఆ వారమంతా మా ఊళ్ళో వేరే మాటుంటే ఒట్టు. పంచాయతీ ప్రెసిడెంటుగారి తల్లి మామ్మగారికి ఎనభై దాటాయి. "రాజు చచ్చిపోతుంటే గొంతు గొంతంటూ కూర్చుంటాడా ఆ ముసలాడు? తీసి తీరాలి" అని తీర్పు చెప్పేశారు. నేనూ ఆ పక్షమే. సూరిబాబు ఇంకా గట్టిగా వాదించాడు.

"అంగరక్షకుడు మంచోడండీ. అబద్ధం చెప్పే మనిషి కాదు. మంచోడి మాట కూడా నమ్మకపోతే ఇంకెవరి మాట నమ్ముతామండీ?"

వద్దన్నది ఖాజాబీగారొక్కరే. "మంచోడైతే మాత్రం, ఆయన వీపు వెనకాల ఏముందో ఆయనకి కనపడుతుందాండీ?" అన్నారు. అందరం నవ్వేశాం.

చివరి భాగం రోజు

ఆ ఆదివారం చీకటి పడుతుండగా చెరువుగట్టు మీద తీగ తెగి ఊరి ఫీడరు పోయింది. సూరిబాబు పరుగెత్తుకుంటూ వచ్చాడు. నేను లైన్ క్లియర్ ఇచ్చాను. తువ్వాలు కడుతూ, "ఇవాళైనా ఒదిలెయ్యండీ, పనవగానే కబురు పెడతాను, సీరియల్ మొదలైపోద్ది" అన్నాడు. కట్టవయ్యా అన్నాను. కట్టాడు, ముఖం మాడ్చుకుని వెళ్ళాడు. అతనితోపాటు సాయానికి ఏసుదాసని కాంట్రాక్టు కూలీ వెళ్ళాడు. నెమ్మదస్తుడు, చర్చి కమిటీలో పెద్దమనిషి.

ఎనిమిది అవుతుండగా ఏసుదాసు మోపెడ్ మీద వచ్చాడు. "అయిపోయిందండీ. సూరిబాబు దిగిపోయాడు. అటునుంచటే ఇంటికి పోతానన్నాడండీ, మిమ్మల్ని ఇచ్చెయ్యమన్నాడు."

అప్పటికే గేటు దగ్గర ఊళ్ళోవాళ్ళు పాతికమంది దాకా ఉన్నారు. ముందు ప్రెసిడెంటుగారు. "ఇంకేమండీ మూర్తిగారూ, ఇచ్చెయ్యండి. మా అమ్మ కంచం ముందు పెట్టుకుని కూర్చుందండీ" అన్నారు నవ్వుతూనే.

"సూరిబాబు వచ్చి తువ్వాలు విప్పుకోవాలండి. ఏసుదాసూ, వెనక్కెళ్ళి తీసుకొచ్చెయ్. రావడం ఎంతసేపు?" అన్నాను.

అక్కడితో నవ్వులు పోయాయి. ఏసుదాసు వెళదామని మోపెడ్ తిప్పితే నలుగురు పట్టుకుని ఆపారు. అతను మళ్ళీ వెళ్ళడమెందుకు, చెప్పాడు కదా అని. "ఏసుదాసు అబద్ధం చెబుతాడాండీ?" అని ఒకరు. "తువ్వాలుగుడ్డ కోసం ఊరంతా చీకట్లో కూర్చోవాలాండీ?" అని ఇంకొకరు. ఏసుదాసు పాపం, "నేను కళ్ళారా చూశానండీ, కిందికి దిగాడండీ" అని బైబిలు మీద ఒట్టు పెట్టినంత పని చేశాడు. నాకు అతని మాట మీద అనుమానం లేదు. అదే నాకు కష్టమైపోయింది. అబద్ధమాడేవాణ్ణి కసరడం సులువు. నిజం చెబుతున్న మనిషిని, అందరిముందూ, నీ మాట చాలదని నిలబెట్టడం చాలా కష్టం.

ప్రెసిడెంటుగారు తన సెల్‌ఫోను తీసి పై అధికారికి ఫోన్ కలిపి నా చేతిలో పెట్టారు. "దిగాడంటున్నారు కదయ్యా, ఛార్జ్ చేసెయ్, కరెంటు ఇచ్చెయ్" అన్నారు అవతల అధికారి.

"చేస్తానండి. మీరొచ్చి మీ చేత్తో ఆ తువ్వాలు విప్పండి, అప్పుడు చేస్తాను" అన్నాను. ఆయన "నీ ఇష్టం" అని పెట్టేశారు.

ఎనిమిదైంది. ఎప్పుడూ ఆ వేళకి రోడ్డు అవతల్నుంచి గుర్రాల చప్పుడు వచ్చేది. ఆ రోజు చీకట్లో జనం గొణుగుడు తప్ప ఏమీ లేదు. యార్డులో మా సొంత దీపం కింద ఆ ఎర్రగళ్ళ తువ్వాలు వేలాడుతోంది. ఎవరో దాని దగ్గరికి వెళ్ళబోతే ఎప్పుడూ అరవనివాణ్ణి అరిచాను. వెంకట్రామయ్యగారి మాటే నోట్లోంచి వచ్చింది, చెయ్యి విరగ్గొడతానని. తర్వాత వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. నా చుట్టూ అందరూ తిడుతున్నారు. నాకు కోపం, అవమానం, అన్నిటికంటే ఎక్కువగా భయం. నేనే పొరబడుతున్నానేమో, ఊరి సంతోషం ఊరికే పాడుచేశానేమో అని భయం.

చాలాసేపు అరుచుకున్నాక, ప్రెసిడెంటుగారే విసుగెత్తి, "పోనీ తీసుకొచ్చి చావండిరా అతన్ని" అన్నారు. వాదించిన సేపట్లో రెండుసార్లు వెళ్ళిరావచ్చు. ఏసుదాసు వెళ్ళాడు.

తిరిగొచ్చినప్పుడు వెనక సూరిబాబు కూర్చుని ఉన్నాడు. నడుముకి బెల్టు అలాగే ఉంది. ఏసుదాసు మోపెడ్ స్టాండు వెయ్యడం కూడా మర్చిపోయాడు, అది పక్కకి ఒరిగిపోయింది. "పైనున్నాడండీ," అన్నాడు అందరివైపూ చూస్తూ. "నేనెళ్ళేసరికి స్తంభం మీదున్నాడండీ."

జరిగింది ఇది. సూరిబాబు దిగిన మాట నిజం. ఏసుదాసుని పంపిన మాట నిజం. తర్వాత సామాను సర్దుకుంటుంటే పక్క స్తంభం మీద ఇంకో తీగ వదులై గట్టుదారి మీదికి జారి కనిపించింది. పొద్దున్నే ఆ దారినే చేపల మేతబస్తాలు మోసుకుంటూ మనుషులు నడుస్తారు. ఏసుదాసు స్టేషనుకి చేరేలోపు బిగించేసి దిగిపోవచ్చు, సీరియల్ కూడా అందుకోవచ్చనుకుని ఎక్కాడు. ఆ పని అనుకున్నంత త్వరగా తెమల్లేదు. మేం ఇక్కడ గేటు దగ్గర అరుచుకుంటున్నంతసేపూ అతను అక్కడ రెండు చేతులతో తీగ పట్టుకుని ఉన్నాడు.

ప్రెసిడెంటుగారు వెళ్ళి గేటు పక్కన దిమ్మ మీద కూలబడ్డారు.

మా అల్లుడికి

అబ్బాయ్, నువ్వు గమనించాల్సింది ఇదీ. ఆ రోజు అబద్ధం చెప్పినవాళ్ళు ఒక్కళ్ళు కూడా లేరు. ఏసుదాసు చూసిందే చెప్పాడు. ప్రెసిడెంటుగారు విన్నదే చెప్పారు. అధికారి దాన్నే నమ్మారు. అందరూ మంచివాళ్ళే. కళ్ళారా చూసిన నిజం కూడా మోపెడ్ మీద స్టేషనుకి చేరేసరికి పాతబడిపోతుంది. సూరిబాబుదీ దుర్మార్గం కాదు, తొందర. అందులో సగం సీరియల్ కోసం, సగం గట్టు మీద నడిచేవాళ్ళ కోసం.

కుర్చీలో కూర్చోవడమే కదా అన్నావు. అవును, కూర్చోవడమే. ఊరంతా లెమ్మన్నప్పుడు కూడా కూర్చోవాలి. జీతం మిగతా రోజులకి కాదు, అలాంటి ఒక్క రోజుకే ఇస్తారనుకో.

ఇక ఆ రాత్రి సంగతి. సూరిబాబు యార్డులోకి వెళ్ళి తువ్వాలు విప్పబోయాడు. ముడి బిగుసుకుపోయి రాలేదు. నేను సాయం చెయ్యబోయి ఆగిపోయాను. అతనే పళ్ళతో లాగి విప్పుకున్నాడు, ముఖం తుడుచుకున్నాడు, "పనైపోయిందండీ" అన్నాడు. నేను వెళ్ళి ఛార్జ్ చేశాను. ఊళ్ళో దీపాలు వెలిగాయి. ఎప్పుడూ కరెంటు రాగానే పిల్లలు వేసే కేకలు మాత్రం ఆ గేటు దగ్గర వినపడలేదు.

రోడ్డు అవతల టీవీ మోగింది. సీరియల్ అప్పటికే అయిపోవచ్చింది. మాటలు లేవు, ఒట్టి సన్నాయి. ఖాజాబీగారు గుమ్మంలోకొచ్చారు. గేటు దగ్గర ఏం జరిగిందో ఆవిడకింకా తెలియదు.

"ఏవండీ, కోట తలుపులు బార్లా తీసున్నాయండీ. లోపలంతా పొగేనండీ. ముసలాయన గడియ పక్కనే పడున్నాడండీ" అని కేకేశారు.

సూరిబాబు నా పక్కనే నిలబడి విన్నాడు. తువ్వాలు చేతిలోనే ఉంది.

"తీసేశాడన్నమాటండీ," అన్నాడు.

"ఊఁ," అన్నాను.

"పాపం, ఆ అంగరక్షకుడు మంచోడేనండీ."

"మంచోడే."

అతను ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. నాకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా అతను లైన్ క్లియర్‌కి వచ్చినప్పుడల్లా తువ్వాలు కట్టమని నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. కట్టి, ఒకసారి లాగి చూసుకుని, ఇంకో ముడి వేసి వెళ్ళేవాడు.